ద్రవ నత్రజనిలో అండాన్ని ముంచే ముందు

ఆంబోతు వీర్యాన్ని స్ట్రాలలో నింపి, ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి దాచడం మనకు దశాబ్దాల అలవాటు. ఆ ధీమాతో గేదె అండాన్నీ అలాగే దాచేద్దామని దిగకండి. శుక్రకణంలో నీరు బహు తక్కువ. అండం మాత్రం 0.1 మిల్లీమీటరుకు మించిన నీటి తిత్తి. ఆ నీరు బయటికి రాకముందే చల్లబడితే మంచు సూదులు లోపలే పుడతాయి. పైగా గేదె అండం నిండా కొవ్వు బిందువులే. అందుకే అది గడ్డకట్టకముందే, 15 డిగ్రీల కిందికి దిగగానే పొర దెబ్బతినడం మొదలవుతుంది.

కాబట్టి మొదటి జాగ్రత్త అండాశయాలు సేకరించే కబేళా దగ్గరే. వాటిని ఐసుపెట్టెలో వేయకండి, అవి మాంసం కాదు. యాంటీబయాటిక్ కలిపిన సెలైన్ పోసి, 30–35 డిగ్రీలుండే ఫ్లాస్కులో నాలుగైదు గంటల్లోపు ల్యాబుకు చేర్చండి. ఎండాకాలంలో గేదె అండాల నాణ్యత తగ్గుతుంది. అసలు ప్రయోగాన్ని చలికాలానికి ఉంచుకుని, వేసవిలో దొరికినవాటితో చేయి తిప్పుకోవడం మేలు.

నెమ్మదిగా గడ్డకట్టించే పాత పద్ధతి కన్నా, మంచు కట్టే వ్యవధి ఇవ్వకుండా ద్రవాన్ని గాజులా బిగించే విట్రిఫికేషన్ గేదె అండానికి నయం. చిక్కంతా ఇక్కడే. నత్రజనికి ముందు అండాన్ని ముంచే చివరి ద్రావణంలో సాధారణంగా 15 శాతం ఇథిలీన్ గ్లైకాల్, 15 శాతం డీఎంఎస్‌ఓ (ఈ రెండూ మంచు కట్టనివ్వని రసాయనాలు), 0.5 మోలార్ (మోలార్ అంటే గాఢత కొలత) సుక్రోజ్, అంటే పంచదార, ఉంటాయి. అండాన్ని కాపాడే ఆ రసాయనాలే ఎక్కువసేపు ఉంచితే విషం. నిమిషంలోపు అండాన్ని అందులోకి దింపి, క్రయోటాప్ అనే సన్నని ప్లాస్టిక్ పట్టీ మీద పెట్టి, చుట్టూ ఉన్న చుక్కను దాదాపు అంతా పీల్చేసి, నత్రజనిలో ముంచాలి. గది 35 డిగ్రీలుంటే విషం ఇంకా త్వరగా ఎక్కుతుంది. ఏసీ పనిచేయని రోజు ఈ పని పెట్టుకోకండి. పనికిరాని అండాలతో, పక్కన గడియారం పెట్టుకుని, చేయి వణకడం ఆగేదాకా సాధన చేయండి. ఫోను ఎక్కడో దూరంగా పెట్టండి.

కొత్తవారు చల్లబరచడం మీదే మనసు పెడతారు. నేను చూసినంతలో అండాలు ఎక్కువగా పోయేది తిరిగి వేడి చేసేటప్పుడే. క్రయోటాప్ కొనమీది చుక్క ఎంత చిన్నదంటే, గాలిలో ఒకటి రెండు సెకన్లు ఆగినా గాజు కరిగి మంచుగా మారిపోతుంది. నత్రజనిలోంచి తీసిన మరుక్షణం 37 డిగ్రీల 1 మోలార్ సుక్రోజ్‌లో పడాలి. ఆ తరువాత సుక్రోజ్ గాఢతను మెట్లుమెట్లుగా తగ్గించండి. తొందరపడితే నీరు ఒక్కసారిగా చొరబడి అండం పగులుతుంది. వెంటనే వీర్యంతో కలపకండి. చలికి చెదిరిన కదురు (క్రోమోజోములను పట్టి ఉంచే పోగుల కట్ట, స్పిండిల్) మళ్లీ అల్లుకోవడానికి గంటో రెండు గంటలో పడుతుంది. అండం పైపొర గట్టిపడి శుక్రకణాన్ని రానివ్వకపోవడం కూడా మామూలే. అప్పుడు శుక్రకణాన్ని సూదితో అండం లోపలికి ఎక్కించక తప్పదు.

గుండ్రంగా కనబడినంత మాత్రాన అండం బతికినట్టు కాదు. గడ్డకట్టించని అండాలను ఒక గుంపుగా, ద్రావణాల్లో మాత్రమే ముంచి తీసినవాటిని మరో గుంపుగా ఉంచి, పిండం బ్లాస్టోసిస్ట్ (గర్భాశయంలో నాటుకునే ముందటి దశ) దాకా ఎన్నింటిలో ఎదిగిందో పోల్చండి. అప్పుడే తప్పు రసాయనానిదో చలిదో తేలుతుంది.

ఇక మీ ప్రాణం సంగతి. లీటరు ద్రవ నత్రజని దాదాపు 700 లీటర్ల వాయువవుతుంది. దానికి వాసన ఉండదు, గదిలో ఆక్సిజన్‌ను తరిమేస్తుంది. కిటికీలు తెరవండి, డబ్బా మూతను బిగించకండి, అద్దాలు ఎత్తిన కారులో తీసుకెళ్లకండి. చేతి తొడుగులు వదులుగా ఉండాలి, లోపల ఒలికితే విదిలించి పారేయడానికి. చెప్పులతో ఆ గదిలోకి రావద్దు.