ముల్లు ఖాళీ దగ్గరే ఆగిపోయిన పెట్రోలు గేజ్: నా అనుభవం

పెదవాల్తేరులోని మా ఇంటి ముందు, సముద్రపు గాలి నేరుగా తగిలే చోట నిలిపి ఉంచే మా నాన్నగారి పాత అంబాసిడర్‌లో, ట్యాంకు నిండా పెట్రోలు పోయించినా గేజ్ ముల్లు ఖాళీ గుర్తు దగ్గరి నుంచి కదలడం మానేసింది. చూసినవారందరూ కొత్త గేజ్ వేయాలని చెప్పారు గాని, ఆనాటి పరికరాన్ని పరీక్షించకుండా తీసివేయడానికి నా మనసు ఒప్పలేదు.

ఈ గేజ్ వేడికి వంగే రెండు లోహాల పట్టీతో పనిచేస్తుంది. ట్యాంకులో పెట్రోలుపై తేలే ఫ్లోటు పైకి లేచేకొద్దీ, దానికి అమర్చిన సెండర్ (పెట్రోలు మట్టాన్ని గేజ్‌కు తెలిపే భాగం) నిరోధం తగ్గి, కరెంటు పెరిగి, ముల్లు నిండు వైపు నెమ్మదిగా జరుగుతుంది. కరెంటు ప్రవహించకపోతే ఖాళీ దగ్గరే ఉండిపోతుంది. అందుకని గేజ్ నుంచి సెండర్‌కు వచ్చే వైరును విప్పి, ఇగ్నిషన్ ఆపి ఉన్నప్పుడే దానిని కారు బాడీకి గట్టిగా బిగించి (ట్యాంకు దగ్గర నిప్పురవ్వ పుట్టకూడదు గనుక ఈ క్రమం తప్పకూడదు), ఆ తరువాత కొద్ది క్షణాలు మాత్రమే తాళం తిప్పాను. ముల్లు పైకి లేచింది. గేజూ, వైరూ బాగున్నాయి.

తరువాత మల్టీమీటరుతో సెండర్ టెర్మినల్‌కూ దాని లోహపు అంచుకూ మధ్య కొలిస్తే నిరోధం 30 ఓముల లోపే ఉంది, అంటే నిండు ట్యాంకుకు తగ్గట్టే సెండర్ పనిచేస్తోంది. అదే టెర్మినల్‌కూ కారు బాడీకీ మధ్య కొలిస్తే సర్క్యూట్ తెగినట్టు చూపింది. లోపం ఎర్త్‌లోనే, అంటే కరెంటు సెండర్ నుంచి కారు బాడీకి చేరే దారిలోనే ఉందని అప్పుడు తేలింది. ట్యాంకును బాడీకి బిగించే బోల్టుల చుట్టూ ఉప్పుగాలికి తుప్పు దట్టంగా పేరుకుంది. ఎమరీ పేపరుతో ఆ చోట్లను మెరిసేవరకు రుద్ది, సెండర్ అంచు నుంచి బాడీకి విడిగా ఒక ఎర్త్ వైరు వేసి, రెండు కొసలకూ వాజలీన్ పూశాను. తాళం తిప్పగానే ముల్లు మెల్లగా లేచి నిండు గుర్తు దగ్గర నిలిచింది.