బ్రౌజర్ సతాయిస్తే క్యాష్ వరకే తీసేయండి

రిజల్ట్స్ పేజీలో నిన్నటి నోటీసే కనబడుతుంది. ఆన్‌లైన్ ఫారం సగం తెరుచుకుని ఆగిపోతుంది. సైటు బొమ్మలను, కోడ్ ఫైళ్లను బ్రౌజర్ మన కంప్యూటర్లోనే దాచుకుంటుంది. సైటులో పేజీ మారినా ఒక్కోసారి ఆ పాత కాపీనే చూపెడుతుంది. ఆ దాచినదే క్యాష్.

ముందు కంట్రోల్, షిఫ్ట్, ఆర్ మూడూ కలిపి నొక్కండి. క్యాష్‌ను పక్కనబెట్టి పేజీ కొత్తగా వస్తుంది, చాలాసార్లు పని ఇక్కడే అయిపోతుంది. కాకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎన్ నొక్కి క్రోమ్ ఇన్‌కాగ్నిటో విండోలో (పాత క్యాష్, కుకీలు వాడని విండో) అదే సైటు తెరవండి. అక్కడ సరిగ్గా వస్తే తప్పు క్యాష్‌దో, కుకీలదో (లాగిన్‌ను గుర్తుంచుకునే చిన్న ఫైళ్లు), ఏదైనా ఎక్స్‌టెన్షన్‌దో (బ్రౌజర్‌కు తగిలించుకున్న అదనపు ప్రోగ్రాం). అక్కడా రాకపోతే సర్వరో నెట్టో కారణం కావచ్చు. అప్పుడు ఎంత తుడిచినా లాభం తక్కువే.

తీసేయాల్సి వస్తే కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ నొక్కండి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్ మూడింట్లోనూ ఇదే. క్రోమ్‌లోనైతే టైమ్ రేంజ్ 'ఆల్ టైమ్' పెట్టి, 'క్యాష్డ్ ఇమేజెస్ అండ్ ఫైల్స్' దగ్గర మాత్రమే టిక్ ఉంచి, మిగతావన్నీ తీసేసి డిలీట్ కొట్టండి. కుకీల టిక్ ఉంటే లాగిన్ అయిన సైట్లన్నీ బయటికి నెట్టేస్తాయి, మళ్లీ ఓటీపీల గోల. పాస్‌వర్డ్‌ల టిక్ విషయంలో మరీ పైలం: సింక్ (ఒకే అకౌంట్‌తో కంప్యూటర్, సెల్లు కలిసి ఉండటం) ఆన్‌లో ఉంటే సెల్లులో దాచినవి కూడా పోతాయి.

ఒక్క సైటే సతాయిస్తుంటే అడ్రస్ ఎడమపక్క గుర్తు నొక్కి, సైట్ సెట్టింగ్స్‌లో ఆ సైటు డేటా ఒక్కటే తీసేయొచ్చు. ఆ సైటులో మాత్రం మళ్లీ లాగిన్ కావాలి.

ఆండ్రాయిడ్ సెల్లులో సెట్టింగ్స్, యాప్స్, క్రోమ్, స్టోరేజ్‌లోకి పోయి 'క్లియర్ క్యాష్' నొక్కండి. అక్కడే 'మేనేజ్ స్పేస్' లాంటి దాంట్లో డేటా అంతా తుడిచే బటన్ జోలికి పోవద్దు, తెరిచిన ట్యాబులు, లాగిన్లు పోతాయి.

రోజూ ఊకె తుడవడం దండుగ. దేవరకొండ, అచ్చంపేట వైపు సిగ్నల్ సరిగ్గా అందని తండాల్లో, ప్రతి పేజీ మొదటినుంచి దిగాలంటే టైమూ పోతుంది, డేటా బ్యాలెన్సూ కరుగుతుంది.

నెట్ సెంటర్లలో పాత కంప్యూటర్లు 'మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు' అంటే క్యాష్ కన్నా ముందు తేదీ చూడండి. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. సైటు సర్టిఫికెట్ (సైటు అసలైనదేనని చూపే గుర్తింపు) ఆ తేదీకి చెల్లదని బ్రౌజర్ ఆపేస్తుంది. తేదీ సరిచేసి, బ్యాటరీ మార్పించాలి. ఎక్కువగా వాడేది సీఆర్2032 రకం.

నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా నెట్ సెంటర్లో కూర్చుంటే క్రోమ్ గెస్ట్ విండో వాడటం మేలు. మూసేయగానే కుకీలు, హిస్టరీ వాటంతటవే పోతాయి. దించుకున్న ఆధార్, కులం సర్టిఫికెట్ పీడీఎఫ్‌లు మాత్రం డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో అట్లే ఉంటాయి. వాటిని సెలెక్ట్ చేసి షిఫ్ట్, డిలీట్ నొక్కాకే లేవండి.