డెబియన్, ఉబుంటు లినక్స్ సిస్టమ్‌లలో ఆగిపోయిన ప్యాకేజీ (సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టలేషన్‌ను సరిచేసే ముందు జాగ్రత్తలు

- హోమ్ ఫోల్డరును, సిస్టమ్ సెట్టింగులుండే ఈటీసీ (/etc) డైరెక్టరీని ముందుగా వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి.
- చివరి వరుస కాదు, మొదట వచ్చిన ఎర్రర్ చదవండి. అసలు కారణం చాలాసార్లు అక్కడే ఉంటుంది.
- డీఎఫ్ (df) కమాండుతో ఖాళీ స్థలం చూడండి. బూట్ విభాగం పాత కెర్నళ్లతో (సిస్టమ్ మూలభాగపు పాత వెర్షన్లతో) నిండినా పని ఆగిపోతుంది.
- తేదీ, సమయం సరిచూడండి.
- లాక్ ఫైలు (రెండు ఇన్‌స్టలేషన్లు ఒకేసారి నడవకుండా ఆపేది) ఉందని సందేశం వస్తే, దయచేసి ఆ ఫైలును తొలగించకండి. వెనుక ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తూ ఉండవచ్చు. దాన్ని మధ్యలో తెంచితే ప్యాకేజీలు సగం సగం మిగిలిపోతాయి, ప్యాకేజీలను నిర్వహించే డీపీకేజీ (dpkg) రికార్డులు కూడా పాడవవచ్చు. కాసేపు ఆగడమే మేలు.
- తొలగించబోయే ప్యాకేజీల జాబితా పూర్తిగా చదవకుండా ‘వై’ (Y, అంటే సరే) నొక్కవద్దు. అందులో సిస్టమ్‌లోని చాలా ప్రోగ్రాములు ఆధారపడే పైథాన్ 3 కనిపిస్తే వెంటనే ఆపేయండి. దానితోపాటు డెస్క్‌టాప్ కూడా పోవచ్చు.