ఉగాదికి మామిడి తోరణం కార్డు: నీటిరంగులు, స్టాంపులు, డై కటింగ్‌తో మన ఇంట్లోనే

చేత్తో చేసే గ్రీటింగ్ కార్డు ఎక్కువగా పాడయ్యేది పనుల వరస తప్పినప్పుడే. నీళ్ల పని ముందు, ఇంకు పని తర్వాత, కత్తిరింపు ఆ తర్వాత, జిగురు చిట్టచివర. ఇది గుర్తుంటే సగం కార్డు అయిపోయినట్టే. మొదటిసారి నేను చేసినప్పుడు అక్షరాలు ముందే స్టాంపు వేసేసి, వాటి చుట్టూ లేత రంగు వేద్దామని తడి బ్రష్ పెట్టాను. ఆఫీసు సీళ్లకి వాడే ఊదా ఇంకు అది, చూస్తుండగానే కరిగి కాగితమంతా పాకింది. పన్నెండు కార్డులకీ అలాగే స్టాంపు వేసి ఉంచుకున్నాను, పన్నెండూ పోయాయి.

ఇక్కడ చెప్పేది ఒక్క కార్డు గురించే: పైన పసుపు దారానికి వేలాడే మామిడాకుల తోరణం, కింద ఒక మూల వేపపూత, మధ్యలో తెలుగు అక్షరాలు. ఈ ఒక్కటి చేతికొస్తే పెళ్లికైనా, గృహప్రవేశానికైనా ఇదే పద్ధతి పనికొస్తుంది.

ముందు కాగితం. రంగుల మీద ఎంత తగ్గించుకున్నా పర్వాలేదు, కాగితం మీద మాత్రం తగ్గించుకోవద్దు. నీటిరంగులకి 300 జీఎస్‌ఎం కోల్డ్ ప్రెస్ కాగితం తీసుకోండి, అంటే చదరపు మీటరుకి 300 గ్రాముల బరువుండే గరుకు కాగితం. మామూలు డ్రాయింగ్ షీటు మీద నీళ్లు పడితే ఉబ్బి అప్పడంలా లేస్తుంది, రంగు మచ్చలు మచ్చలుగా ఆగిపోతుంది. నూరు శాతం కాటన్ కాగితమైతే నీళ్లని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది కాబట్టి రంగులు నింపాదిగా కలుస్తాయి, కానీ ఖరీదు. నేర్చుకునేటప్పుడు మామూలు సెల్యులోజ్ (చెక్కగుజ్జు) కాగితం చాలు, బరువు మాత్రం 300 ఉండాలి. రంగులకి కామెల్ ట్యూబులు సరిపోతాయి.

కార్డు అట్ట వేరు, బొమ్మ వేసే కాగితం వేరు అనుకోండి. నేరుగా అట్ట మీదే రంగు వేస్తే, చివర్లో ఒక్క చుక్క తప్పు పడినా మొత్తం పారేయాలి. అట్టకి 250 జీఎస్‌ఎం తెల్ల ఐవరీ కార్డు ఒక ఏ4 తీసుకుని అడ్డంగా సగానికి కోస్తే రెండు ఏ5 ముక్కలొస్తాయి, ఒక్కొక్కటి 14.8 × 21 సెంటీమీటర్లు. పొడవులో సరిగ్గా 10.5 దగ్గర స్కేలు పెట్టి, ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతో గట్టిగా ఒక గీత నొక్కి, ఆ గీత మీద మడవండి. మడత మీద స్పూను వెనక భాగంతో ఒకసారి రుద్దితే కొట్లో కొన్నట్టు వస్తుంది. కాగితానికి కూడా గుడ్డకున్నట్టే పోగు వాటం ఉంటుంది, కోసేముందు రెండు వైపులా కొద్దిగా వంచి చూడండి, ఎటు తేలిగ్గా వంగితే అటే మడత పడాలి, లేకపోతే మడత దగ్గర అంచు పగిలి పీచు లేస్తుంది.

బొమ్మ కాగితం 13.8 × 9.5 కోసుకోండి, అట్ట మీద అంటించాక చుట్టూ అర సెంటీమీటరు తెల్ల అంచు మిగులుతుంది. ఆకుల కోసం అదే నీటిరంగుల కాగితంలో ఏ5 సైజు ముక్క ఇంకొకటి పక్కన పెట్టుకోండి. రెండింటినీ మాస్కింగ్ టేపుతో నాలుగు వైపులా ఒక ప్లాస్టిక్ బోర్డుకి అంటించి అప్పుడు రంగు మొదలుపెట్టండి. ఆరేదాకా టేపు తీయకూడదు.

ఇక ఆకులు. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. మామిడాకు అనగానే అందరూ పచ్చరంగు తీస్తారు, కానీ ఉగాది నాటికి చెట్టు దగ్గరికెళ్లి చూడండి, కొత్త చిగురు రాగిరంగులో ఉంటుంది, కాస్త ముదిరేసరికి లేత పసుపుపచ్చకి తిరుగుతుంది, ఆ తర్వాతే నిండు ఆకుపచ్చ. ఈ మూడూ ఒకే కాగితం మీద ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోవాలి. మూడు గుంటల్లో రంగు కలిపి ముందే సిద్ధంగా ఉంచండి: బర్న్‌ట్ సియెన్నాలో చిటికెడు క్రిమ్సన్ కలిపితే చిగురు, శాప్ గ్రీన్‌లో నిమ్మపసుపు కలిపితే లేతాకు, శాప్ గ్రీన్‌లో రవ్వంత అల్ట్రామెరైన్ వేస్తే ముదురాకు. కాగితం తడిశాక కలుపుదామంటే టైము ఉండదు.

పెద్ద బ్రష్‌తో కాగితమంతా మంచినీళ్లు పూయండి. పూసి, కాగితాన్ని కంటి ఎత్తుకి తెచ్చి పక్క నుంచి చూడండి. నీళ్లు గుంటలుగా నిలిచి ఉంటే ఇంకా ఆగాలి, మెరుపు పోయి ఉంటే ఆలస్యమైపోయింది. కొత్త స్టీలు గిన్నెలా సమంగా మెరుస్తూ ఉండి, నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు రంగు పెట్టాలి. ఎడమ చివర రాగిరంగు, మధ్యలో లేతపచ్చ, కుడి చివర ముదురుపచ్చ. బ్రష్‌తో రుద్దొద్దు. ముట్టించి వదిలేయండి, బోర్డుని అటూ ఇటూ వంచితే రంగులే ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. రాగి, పచ్చ కలిసే చోట ఒక మట్టిరంగు వస్తుంది, అది చెడిపోయిందని భయపడి తుడిచేయకండి, అచ్చం ముదురుతున్న చిగురు రంగు అదే. సగం ఆరిన చోట మాత్రం మళ్లీ తడి బ్రష్ పెట్టకండి, కాలీఫ్లవర్ పువ్వులా చుట్టూ అంచు కట్టి మచ్చ పడుతుంది, ఇక పోదు.

మార్చి ఎండల్లో ఫ్యాను కింద కూర్చుంటే కాగితం మరీ తొందరగా ఆరిపోతుంది, రంగు వేసేంతసేపు ఫ్యాను ఆపేయండి. ఆరిందో లేదో కంటికి తెలియదు, చేతి వెనక భాగం ఆనించి చూడండి, చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే.

బొమ్మ కాగితానికి ఇంత హంగామా అక్కర్లేదు, చాలా పలుచని యెల్లో ఓకర్ ఒక్క పూత వేస్తే చాలు, పొద్దుటి ఎండ పడ్డ గోడలా ఉంటుంది.

ఇప్పుడు స్టాంపులు. బజార్లో, ఆన్‌లైన్‌లో దొరికే క్రాఫ్ట్ స్టాంపుల మీద ఎక్కువగా ఇంగ్లీషు మాటలే ఉంటాయి. తెలుగులో కావాలంటే తేలికైన దారి ఒకటుంది. కోర్టు దగ్గరో కలెక్టరాఫీసు దగ్గరో రబ్బరు స్టాంపులు చేసే షాపు ఉంటుంది కదా, గుండ్రటి సీళ్లు, సంతకం స్టాంపులు చేసిచ్చే షాపు, అక్కడికెళ్లి ‘ఉగాది శుభాకాంక్షలు’ అని చేయించుకోండి. తనంతట తానే ఇంకు వేసుకునే రకం వద్దని, పిడి ఉన్నది కావాలని చెప్పండి, అప్పుడే మనకి నచ్చిన ఇంకు వాడుకోవచ్చు. తెలుగు అక్షరాలకి ఒక ఇబ్బంది ఉంది, వత్తుల్లో, దీర్ఘాల చుట్టుల్లో ఉండే చిన్న ఖాళీలు ఇంకుతో పూడిపోతాయి. అందుకని అక్షరం ఎత్తు ఒక సెంటీమీటరుకి తగ్గకుండా, కింద వత్తుకి వేరే చోటు వదిలి చేయమనండి. చేసేముందు కాగితం మీద ప్రింటు తీసి చూపించమని అడగండి. నాకోసారి ‘శుభాకాంక్షలు’లో భ కాస్తా బ అయి వచ్చింది, రబ్బరు మీద అక్షరాలు తిరగేసి ఉంటాయి కాబట్టి ఇంటికొచ్చి వేసి చూసేదాకా తెలియలేదు.

ఇంకొకటి, సంవత్సరం పేరు స్టాంపులో పెట్టించకండి. అదే పేరు మళ్లీ రావాలంటే 60 ఏళ్లు ఆగాలి. పేరు చేత్తో రాయండి.

ఇంకు ప్యాడ్ కొనేటప్పుడు నీళ్లకి కరగనిది, ఆర్కైవల్ అనో వాటర్‌ప్రూఫ్ అనో రాసి ఉన్నది చూసుకోండి. ఏం రాసి ఉన్నా సరే, చిత్తుకాగితం మీద వేసి, పావుగంట ఆగి, తడి బ్రష్‌తో రుద్ది చూశాకే నమ్మండి. కోల్డ్ ప్రెస్ కాగితం గరుకుగా ఉంటుంది కాబట్టి సన్నటి అక్షరాలు దాని మీద తెగిపోయి పడతాయి. అక్షరాలు నున్నటి కార్డు ముక్క మీద వేసి, పట్టీలా కోసి తర్వాత అంటించండి. ఇంకు మరీ ఎక్కువ పట్టించొద్దు, ప్యాడ్ మీద మెల్లగా నాలుగైదుసార్లు తట్టి, కాగితం మీద నిలువుగా దించి, ఒక్కసారి నొక్కి, నిలువుగానే పైకి తీయాలి. ఊపితే అంచులు రెండుగా పడతాయి. పారదర్శకంగా ఉండే కొత్త పాలిమర్ స్టాంపుల మీద ఇంకు చుక్కలు చుక్కలుగా నిలుస్తుంది, పెన్సిల్ రబ్బరుతో ఒకసారి పైపైన రుద్దితే సర్దుకుంటుంది.

మచిలీపట్నం పక్కన పెడనలో కలంకారీ గుడ్డల మీద అద్దే చెక్క అచ్చులు మీకు దొరికితే, చిన్నవి ఒకటి రెండు తప్పకుండా తెచ్చుకోండి, చిన్న లత అచ్చు ఒక్కటున్నా కార్డు అంచుకి ఎంత అందమొస్తుందో. వాటిని రంగులో ముంచొద్దు, స్పాంజి ముక్కకి పోస్టర్ కలర్ రాసి దాంతో అచ్చు మీద తట్టండి, లేకపోతే సన్నగీతల మధ్య సందులు నిండిపోతాయి. అక్కడ గుడ్డకి అద్దేటప్పుడు బల్ల మీద మెత్తటి పరుపు వేస్తారు, మనమూ కాగితం కింద నాలుగు మడతల నూలు గుడ్డ వేసుకుంటే అచ్చు సమంగా దిగుతుంది.

వేపపూతకి మాత్రం నేను ఏ స్టాంపూ కొనలేదు. వంటింట్లో లేత బెండకాయ, సన్నగా ఉన్నది, అడ్డంగా కోస్తే లోపల చాలావాటికి అయిదు గదులుంటాయి. వేపపువ్వుకి అయిదు రేకులు! కోసిన ముక్కని అరగంట గాలికి వదిలేస్తే జిగురు ఆరుతుంది. తర్వాత తెల్ల పోస్టర్ కలర్ చిక్కగా, పలుచని పొరలా రాసి అద్దండి. ఓకర్ రంగు మీద తెల్ల పువ్వులు గుత్తిగా, కొన్ని ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా పడాలి, అన్నీ దూరం దూరంగా వేస్తే లంగాగుడ్డ డిజైనులా ఉంటుంది. ఆరాక ప్రతి పువ్వు మధ్యలో సన్న బ్రష్ మొనతో లేత పసుపు చుక్క పెట్టండి. ఆ చుక్క పడ్డాకే అది వేపపువ్వు అవుతుంది. మా మేనకోడలికి ఎనిమిదేళ్లు, బెండకాయ పని మొత్తం తనకే వదిలేస్తాను, నాకంటే గుత్తులు బాగా పడతాయి.

ఇక డై కటింగ్. డై అంటే పలుచని లోహపు అచ్చు, ఒకవైపు అంచు పదునుగా ఉంటుంది. ఆ పదును కాగితం వైపు పెట్టి, కిందా పైనా ప్లాస్టిక్ ప్లేట్లు వేసి, చెరుకురసం మిషనులాగా రెండు రోలర్ల మధ్య నుంచి తిప్పితే ఆకారం తెగి వస్తుంది. రంగు వేసిన కాగితం మీద డై ఎక్కడ పెడతామన్నదే అసలు విషయం. మొదలు రాగిరంగులో, కొస పచ్చలో పడేలా ఒకటి, పూర్తిగా పచ్చలో ఒకటి, అలా జరుపుకుంటూ వెళితే ఏ రెండు ఆకులూ ఒకలా ఉండవు. డై కదలకుండా చిన్న టేపు ముక్క వేయండి, కానీ ఆ టేపుని ముందు మీ బట్టలకి రెండుసార్లు అంటించి జిగురు తగ్గించుకోండి, లేకపోతే తీసేటప్పుడు రంగుతో సహా పై పొర లేచిపోతుంది.

మిషను ఖరీదైనది. ఏడాదికి పది కార్డులు చేసేవాళ్లు కొనక్కర్లేదని నా అభిప్రాయం. 4 సెంటీమీటర్ల పొడవు, 1.2 వెడల్పుతో ఒక ఆకు అట్టముక్క మీద గీసి కోసుకుని, దాన్ని రంగు కాగితం వెనకవైపు పెట్టి పెన్సిల్‌తో గీసుకుంటూ కత్తెరతో కోయండి. కత్తెర కదలకూడదు, కాగితాన్నే తిప్పాలి. చేత్తో కోస్తే 300 జీఎస్‌ఎం కాస్త బిరుసు, ఆకుల కాగితం వరకు 200 వాడుకోవచ్చు. కోశాక ప్రతి ఆకు వెనక నడిమి ఈనె మీద ఖాళీ పెన్నుతో ఒక గీత నొక్కి, రవ్వంత మడత ఇవ్వండి. ఆకుకి ప్రాణమొచ్చినట్టుంటుంది.

కూర్పు తేలిక. ముందు బొమ్మ కాగితాన్ని డబుల్ సైడ్ టేపుతో అట్టకి అంటించి, లావు పుస్తకాల కింద ఒక రాత్రి ఉంచండి. ఫెవికాల్ నిండా పూస్తే అందులోని నీళ్లకి కాగితం మళ్లీ వంకరపోతుంది. మర్నాడు తెల్ల నూలు దారాన్ని పసుపు రంగులో ముంచి, పూర్తిగా ఆరబెట్టి, పైన కొంచెం కిందికి వంగేలా పెట్టి రెండు కొసలూ వెనక్కి అంటించండి. ఆకులు పదకొండు పడతాయి, తొడిమ పైకి, కొస కిందికి. అగ్గిపుల్ల మొనతో తొడిమ దగ్గర మాత్రమే చుక్క జిగురు పెట్టి దారం మీద అంటించండి, కింది భాగం వదులుగా ఉండాలి. మొదట మధ్య ఆకు, తర్వాత రెండు చివర్లు, ఆపైన మిగతావి, అప్పుడే ఎడం సమంగా వస్తుంది. చివరగా అక్షరాల పట్టీ.

పోస్టులో పంపాలంటే ఫోమ్ టేపుతో ఎత్తు చేసినవేవీ వాడకండి. నేను పెద్దమ్మకి పంపిన కార్డులో ఎత్తుగా అంటించిన మామిడికాయ నలిగి, సగం ఊడి చేరింది. సీ6 కవరు, 11.4 × 16.2 సైజుది, సరిగ్గా సరిపోతుంది. ఉత్తరాల రేటు 20 గ్రాములకో మెట్టు చొప్పున పెరుగుతుంది. అట్ట, బొమ్మ, ఆకులు, లోపల రాసే కాగితం, కవరు అన్నీ కలిపితే ఈ కార్డు సరిగ్గా ఆ 20 దగ్గరే ఊగుతుంది, కాబట్టి స్టాంపులు అంటించేముందు తూకం వేయించండి. లోపల రాయడానికి బాల్ పెన్ను వద్దు, ముందువైపు అచ్చు తేలుతుంది, జెల్ పెన్ను వాడండి. విదేశాల్లో ఉన్నవాళ్లకైతే నెల ముందే పోస్టు చేయాలి, అంటే శివరాత్రి దాటకుండా రంగులు తీయాలి. కోయగా మిగిలిన రంగు కాగితం పారేయకండి, ఇంకో నాలుగైదు ఆకులు వస్తాయి, వాటికి కన్నం పెట్టి దారం కడితే ఉగాది పచ్చడి సీసాల మీద పేర్లు రాసి కట్టుకోవచ్చు.