దసరాకి స్ట్రాంగ్ ఏల్ పెడుతున్నారా? ముందు ఈ జాగ్రత్తలు చూసుకోండి

టెక్సస్‌లో అక్టోబరు వస్తేగానీ గరాజ్‌లో మనిషి నిలబడలేడు. ఎండాకాలమంతా మూలన పడున్న, ఇంట్లో బీరు చేసుకునే కెటిల్, బకెట్లు బయటికొచ్చేది అప్పుడే. పేల్ ఏల్ అనే మామూలు బీరు నాలుగైదు సార్లు చేసి, చేయి తిరిగింది కదా అని ఈసారి బార్లీవైన్ (పేరులో వైన్ ఉన్నా ఇదీ బీరే, స్ట్రాంగ్ ఏల్) మీద కన్నేసినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అయిదు శాతం ఆల్కహాలున్న బీరులో చెల్లిపోయిన బద్ధకాలు తొమ్మిది, పది శాతం దగ్గర చెల్లవు. దసరాకి పెట్టి సంక్రాంతికి తాగేద్దామన్నా కుదరదు. కనీసం ఉగాది దాకా ఓపిక పట్టగలిగితేనే మొదలుపెట్టండి.

ముందు చట్టం సంగతి. అమెరికాలో ఇంటి అవసరానికి బీరు చేసుకోవడానికి ఫెడరల్ చట్టం 1979 నుంచి ఒప్పుకుంటోంది. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే అయితే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు ఆపైన ఉంటే 200. అమ్మడానికి వీల్లేదు. బట్టీ పెట్టి సారా దించడానికి ఈ మినహాయింపు వర్తించదు. సెలవులకి హైదరాబాదో విజయవాడో వెళ్లినప్పుడు అక్కడ చేసి చూపిద్దామన్న సరదా అస్సలు వద్దు. లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం అక్కడ ఎక్సైజ్ నేరం.

ఇంటి నుంచి ఫోన్లో తప్పకుండా వచ్చే ప్రశ్న ఇంకోటుంది: "కల్తీ సారా తాగి చూపు పోయినట్టు అవుతుందేమోరా?" అవ్వదు. కల్తీ సారాలో ప్రాణం తీసేది సాధారణంగా అందులో కలిపిన మిథనాల్. మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) పులిసినప్పుడు అది లెక్కలోకి రానంత తక్కువ పుడుతుంది. ఇంట్లో బీరు చేసేవాళ్లు ఆస్పత్రికి వెళ్లేది వేరే కారణాలకి: మరిగే వర్ట్ (ఈస్ట్ వేయకముందు ఉండే తీపి మాల్ట్ రసం) ఒంటి మీద పడటం, గాజు పగలడం, మూసిన చోట గ్యాస్, బాటిల్‌లో ప్రెషర్.

మంట, గాజు

ప్రొపేన్ బర్నర్ గరాజ్ లోపల వెలిగించొద్దు, తలుపు సగం ఎత్తి ఉంచినా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. డ్రైవ్‌వేలో, చదునుగా ఉన్న చోట పెట్టుకోండి. పిల్లలూ కుక్కలూ ఆ చుట్టుపక్కలకి రాకుండా ఒకరు కాపలా ఉండాలి. వర్ట్ చిక్కగా ఉంటుంది కాబట్టి మరుగు పట్టే సమయంలో నురగ ఒక్కసారిగా అంచు దాటుతుంది. 5 గ్యాలన్ల బ్యాచ్‌కి 10 గ్యాలన్ల కెటిల్ వాడండి. కాళ్లకి చెప్పులు కాదు, బూట్లు.

గాజు కార్బాయ్ (సన్నటి మెడ ఉన్న పెద్ద సీసా) మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. 19 లీటర్ల చిక్కటి వర్ట్ నింపితే గాజుతో కలిపి పాతిక కిలోలు దాటుతుంది. తడి చేతులతో మెడ పట్టుకుని ఎత్తితే జారుతుంది, పగిలిన ముక్క మణికట్టు నరాలు తెంపేస్తుంది. ప్లాస్టిక్ బకెట్టో, స్టీలు ఫర్మెంటరో (వర్ట్ పులియబెట్టే పాత్ర) చాలు. గాజే వాడతానంటే కింద పాల క్రేటు పెట్టి, క్రేటు పట్టుకుని ఎత్తండి. వేడి వర్ట్ మాత్రం అందులో పోయకండి.

వంటింట్లో దాక్కున్న శత్రువు

అమెరికన్ గైడ్లలో కనపడని సంగతి ఇది. మన వంటిళ్లలో పెరుగు తోడు రోజూ ఉంటుంది, వారానికోసారి దోశ పిండి పొంగుతుంది. రెంటిలోనూ ఉండేవి లాక్టిక్ బ్యాక్టీరియాలే. పిండి కలిపిన చేత్తో, పెరుగు గిన్నె కడిగిన స్పాంజితో ఫర్మెంటర్ ముట్టుకుంటే నెలల తర్వాత చేతికొచ్చేది పుల్లబీరు. ఫర్మెంటర్‌కి స్పాంజి, గరిటె, గరాటు విడిగా ఉంచండి. ఆవకాయ పెట్టిన బకెట్‌ని ఎన్నిసార్లు తోమినా పనికి రాదు, ఆ నూనె, ఇంగువ వాసన ప్లాస్టిక్‌లో దిగిపోతాయి. మాల్ట్ పొట్టు మీద కూడా ఇవే బ్యాక్టీరియాలు ఉంటాయి కాబట్టి గింజలు మరపట్టేది బయట, అదీ ఫర్మెంటర్ మూత తీయని వేళ.

కడగడం వేరు, శానిటైజ్ చేయడం వేరు. జిడ్డు మీద శానిటైజర్ పోస్తే శానిటైజర్ దండగ. ముందు పీబీడబ్ల్యూ లాంటి వాసనలేని క్లీనర్‌తో వేడినీళ్లలో నానబెట్టి, కడిగి, ఆ తర్వాత స్టార్‌శాన్ అనే శానిటైజర్: 5 గ్యాలన్ల నీటికి ఒక ఔన్సు, అంటే 30 మిల్లీలీటర్లు. ఒక నిమిషం తడిగా ఉంటే చాలు. మిగిలిన నురగ కడగనక్కర్లేదు. కుళాయి నీళ్లతో కడిగితే చేసిన పనంతా వృథా. బకెట్ కుళాయిని మాత్రం పూర్తిగా విప్పి చూడండి. తిప్పే భాగం వెనక గోధుమరంగు జిగురు కనపడితే అది పాత బ్యాచ్‌దే, తరచూ ఇన్ఫెక్షన్లు మొదలయ్యేది అక్కడే. గీతలు పడిన బకెట్లు, పాత ట్యూబులు పారేయండి, వాటి ఖరీదు ఒక పూట టిఫిన్ కన్నా ఎక్కువుండదు.

బ్లీచ్ జోలికి పోకపోవడమే మేలు. స్టీలుని తినేస్తుంది, బీరుకి ఆస్పత్రి వాసన తెస్తుంది. వెనిగర్‌తో గానీ స్టార్‌శాన్‌తో గానీ కలిసిందంటే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. కుళాయి నీళ్లలో ఉండే క్లోరిన్ కూడా ఇదే వాసన తెస్తుంది, 20 గ్యాలన్లకి ఒక క్యాంప్‌డెన్ (సల్ఫైట్) మాత్ర నలిపి వేస్తే పోతుంది.

అసలు కథ ఈస్ట్ దగ్గర

డబ్బూ శ్రద్ధా పెట్టాల్సింది ఇక్కడ. 1.050 గ్రావిటీ (నీళ్లతో పోలిస్తే వర్ట్ సాంద్రత, చక్కెర ఎక్కువైతే పెరుగుతుంది) ఉన్న బీరుకి 11.5 గ్రాముల పొడి ఈస్ట్ ప్యాకెట్ ఒకటి సరిపోతుంది. 1.090 దాటితే రెండు పడాలి. ఒక్కటే వేసినా బుడగలు బాగానే వస్తాయి, మోసం అక్కడే. మొదట్లో చక్కెర ఒత్తిడి, చివర్లో ఆల్కహాలు విషం, రెంటి మధ్యా నలిగి ఈస్ట్ 1.040 దగ్గర చతికిలబడుతుంది. బీరు పాకంలా తీపిగా మిగులుతుంది. మళ్లీ లేపడం చాలా కష్టం.

ప్యాకెట్ మీద తేదీ చూడండి, ఫ్రిజ్‌లో పెట్టిన షాపులోనే కొనండి. ఆ రకం ఎంత ఆల్కహాలు తట్టుకుంటుందో కూడా చదవండి. నాటింగ్‌హామ్ అనే రకం 14 శాతం దాకా తట్టుకుంటుందని తయారీదారు చెబుతారు, అన్ని రకాలూ అంత మొండివి కావు. నీళ్లు మరిగించి 30 డిగ్రీలకి (ఇక్కడ డిగ్రీలన్నీ సెల్సియస్) చల్లార్చి, అందులో పొడి ఈస్ట్‌ని పావుగంట నానబెట్టి వేయడం ఈ చిక్కటి వర్ట్‌కి మంచిది. అన్నిటికన్నా చవకైన దారి ఇంకోటుంది. ముందు నాలుగు శాతం పేల్ ఏల్ ఒకటి చేసి, బాటిళ్లలో నింపిన రోజే దాని అడుగున మిగిలిన ముద్దని దీనికి వాడండి. వాసన బ్రెడ్డులా ఉంటే వాడొచ్చు, పులుపో కుళ్లో తగిలితే పారేయాలి.

ఈస్ట్ వేసే ముందు వర్ట్‌కి ఆక్సిజన్ కావాలి. చిన్న సిలిండర్‌తో ఎక్కిస్తున్నట్టయితే బర్నర్ ఆర్పేసి, దూరం జరపండి. పులియడం మొదలైన మర్నాటి తర్వాత మాత్రం గాలి తగలకూడదు.

వేడి సంగతి చాలామంది మర్చిపోతారు. ఈస్ట్ జోరు మీదున్నప్పుడు లోపలి వేడి గది కన్నా మూడు నుంచి అయిదు డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. ఏసీ 22 చూపిస్తోందంటే బకెట్లో 26 ఉండొచ్చు. ఆ వేడిలో పుట్టే ఫ్యూజెల్ ఆల్కహాళ్లు నెయిల్ పాలిష్ రిమూవర్‌లా ఘాటెక్కుతాయి, ఏడాది నిలవబెట్టినా పూర్తిగా పోవు. థర్మామీటర్‌ని బకెట్ గోడకి అతికించి పైన గుడ్డ కప్పండి. నీళ్ల తొట్లో ఫర్మెంటర్‌ని ఉంచి, గడ్డకట్టిన వాటర్ బాటిళ్లు పొద్దునా రాత్రీ మారుస్తూ మొదటి నాలుగు రోజులు 18 డిగ్రీల దగ్గర పట్టుకుంటే చాలు, తర్వాత 20, 21 దాకా వదిలేయండి. ఫర్మెంటర్‌ని చెస్ట్ ఫ్రీజర్‌లో పెట్టేవాళ్లు మూత తీసిన వెంటనే తల లోపలికి వంచకండి, కార్బన్ డయాక్సైడ్ అడుగున పేరుకుని ఉంటుంది.

మామూలు ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్ వదిలి, బయటి గాలిని రానివ్వని చిన్న బిరడా) దీనికి చాలదు. హాప్స్ (చేదు కోసం వేసే పువ్వులు) ముక్క అడ్డం పడి మూసుకుపోతే మూత గరాజ్ కప్పుకి తగులుతుంది. మొదటి వారం లావాటి బ్లో-ఆఫ్ ట్యూబు పెట్టి, రెండో కొస శానిటైజర్ సీసాలో ముంచండి.

ఫిల్టర్ కొనే ముందు

నన్నడిగితే దీనికి ఫిల్టరే అక్కర్లేదు. బార్లీవైన్ నెలల తరబడి నిలవ ఉండేది, కాలమే దాన్ని తేరుస్తుంది. రెండు మూడు రోజులు ఒకటి రెండు డిగ్రీల చలిలో ఉంచి, కాస్త జెలటిన్ వేస్తే చాలావరకు తేటపడుతుంది. చల్లారేటప్పుడు ఫర్మెంటర్ బ్లో-ఆఫ్ సీసాలోని నీళ్లు లోపలికి లాక్కుంటుంది, ముందే ట్యూబు తీసి మూసేయండి.

అయినా ఫిల్టర్ చేస్తానంటే కెగ్ (ఒత్తిడి తట్టుకునే స్టీలు పీపా) నుంచి కెగ్‌కి, కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడితో మాత్రమే. ఫిల్టర్‌నీ రెండో కెగ్‌నీ ముందు అదే గ్యాస్‌తో నింపాలి, లేకపోతే తేటగా ఉండి తడిసిన అట్టపెట్టె రుచి వచ్చే బీరు దక్కుతుంది. 5 మైక్రాన్ల రంధ్రాలున్న ఫిల్టర్‌తో మొదలుపెట్టి 1 మైక్రాన్‌కి రండి, నేరుగా సన్నదానికి వెళ్తే మూసుకుపోతుంది. ఒత్తిడి పెంచి తోయకండి. ఫిల్టర్ విప్పే ముందు గ్యాస్ కట్టేసి, ఉన్న ఒత్తిడి వదలాలి. ఇలా ఈస్ట్ తీసేసిన బీరుని బాటిల్‌లో చక్కెర వేసి పెడితే గ్యాస్ రాదు, దాన్ని కెగ్‌లోనే ఉంచాలి.

బాటిల్ చేసే రోజు

క్యాలెండర్ చూసి బాటిల్ చేయకండి, హైడ్రోమీటర్ (గ్రావిటీ కొలిచే పరికరం) చూసి చేయండి. మూడు రోజుల తేడాతో రెండుసార్లు చూసినా రీడింగ్ కదలకూడదు, పైగా మీ రెసిపీ చెప్పిన చోటికి దగ్గర్లో ఉండాలి. 1.092 దగ్గర మొదలైంది 1.022 దగ్గర ఆగితే ఆల్కహాలు తొమ్మిది శాతం పైచిలుకు. అదే 1.026 దగ్గర తొందరపడి నింపేస్తే, మిగతా నాలుగు పాయింట్లూ (1.026కీ 1.022కీ మధ్య తేడా) బాటిల్‌లో పులిసి, మీరు వేసే చక్కెర ఇచ్చేదానికి రెట్టింపు గ్యాస్ అదనంగా పుట్టిస్తాయి. బాటిల్ బాంబు అంటే అదే. ఒక్క చుక్కతో చక్కెర కొలిచే రిఫ్రాక్టోమీటర్ అంకెని నమ్మకండి, ఆల్కహాలు కలిశాక అది తప్పు చూపిస్తుంది.

బాటిల్‌లో గ్యాస్ పుట్టడానికి 19 లీటర్లకి 80 నుంచి 100 గ్రాముల కార్న్ షుగర్ చాలు. అలసిపోయిన ఈస్ట్‌కి తోడుగా బాటిల్ కండిషనింగ్ కోసం అమ్మే తాజా ఈస్ట్ కాస్త కలపండి. బీరు కోసం చేసిన మందపాటి సీసాలే వాడాలి, వైన్ సీసాలూ తేనె జాడీలూ ఆ ఒత్తిడికి ఆగవు. బీరు దించే సైఫన్ ట్యూబుని నోటితో పీల్చకండి.

నింపిన బాటిళ్లని మూతున్న ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టి, అల్మరా కింది అరలో, పిల్లల చేతికి అందకుండా ఉంచండి. మూడు వారాలకి ఒకటి బాగా చల్లార్చి, సింకులో పెట్టి తెరవండి. నురగ ఫౌంటెన్‌లా ఎగిస్తే మిగతావాటిని ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు. సేఫ్టీ కళ్లద్దాలు, మందపాటి గ్లవ్స్ వేసుకుని డబ్బాలతో సహా ఫ్రిజ్‌లోకి చేర్చి, బాగా చల్లబడ్డాక ఒక్కోటీ మూత కాస్త లేపి గ్యాస్ వదిలి మళ్లీ మూత బిగించండి.