రాత్రిని వంతులుగా పంచుకోండి
పుట్టిన కొత్తలో బిడ్డ రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోయినా, ఆకలి రెండు మూడు గంటలకోసారి లేపేస్తుంది కనుక పెద్దవాళ్లకు కలత నిద్రే మిగులుతుంది. ప్రతిసారీ ఇద్దరూ లేవడం కన్నా, రాత్రి రెండింటి వరకు ఒకరు, అక్కడి నుంచి తెల్లవారేదాకా మరొకరు బిడ్డను చూసుకుంటే, చెరో నాలుగైదు గంటలైనా ఏకధాటిగా నిద్రపోవచ్చు. తల్లిపాలే పడుతున్నట్లయితే ఇది అంత సులువు కాదు; అయినా పాలు తాగించగానే తల్లి పడుకుంటే, త్రేన్పు తెప్పించడం, తడిగుడ్డలు మార్చడం, జోకొట్టడం రెండోవారు చూసుకోవచ్చు. దీపం మసకగా ఉంటే చాలు, ఫోను ముట్టుకోవద్దు. అన్నిటికన్నా ముఖ్యంగా, కళ్లు మూతలు పడుతున్నప్పుడు బిడ్డను ఎత్తుకొని సోఫాలో కూర్చోవద్దు; అక్కడ కునుకు పడితే బిడ్డకు ఊపిరాడని ప్రమాదం ఉంది కనుక, మొహమాటపడకుండా రెండోవారిని లేపి బిడ్డను అప్పగించండి.