.22 రైఫిల్ ఫోర్‌సైట్ మెరుస్తుంటే కర్పూరం చాలు

ఎన్‌సీసీలో వాడే పాత .22 రైఫిళ్ళకు ఫోర్‌సైట్ (గొట్టం చివర గురి చూసే ముల్లు) మీద నల్లపూత అరిగిపోయి ఉంటుంది. ఎండ పక్కనుంచి పడితే ఆ కొన తళతళ మెరుస్తుంది, 25 మీటర్ల టార్గెట్ మీద గ్రూప్ (తూటాలు తగిలిన గుర్తుల గుంపు) ఒక పక్కకు జరిగిపోతుంది. కొత్త సైట్ కొనక్కర్లేదు.

ముందు బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి మూసే కడ్డీ) తీసి, ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని చూసి, తూటాలు దూరంగా పెట్టండి. స్పిరిట్‌తో ఫోర్‌సైట్‌కు ఉన్న నూనె జిడ్డు పూర్తిగా తుడవండి. జిడ్డు మీద మసి నిలవదు. గాలి తగలని చోట స్టీలు మూతలో ఒక్క కర్పూరం బిళ్ళ వెలిగించి, రైఫిల్‌ను తలకిందులుగా పట్టుకుని, కొనను మంటకు కాస్త పైన పొగలో పది సెకన్లు ఉంచండి. మంట తగలనివ్వకూడదు, కావలసింది మసే. కాటుకలా మెరుపు లేని నలుపు పడుతుంది. కొవ్వొత్తి కూడా పనికొస్తుంది గానీ మసి పలచగా వస్తుంది.

వేలు తగిలినా, చినుకు పడినా ఈ నలుపు పోతుంది. ప్లాస్టిక్ భాగాలున్న సైట్లకు మాత్రం వద్దు, కరిగిపోతాయి. రైఫిల్ యూనిట్‌దైతే ఇన్‌స్ట్రక్టర్‌ను అడిగే చేయండి. ప్రాక్టీసయ్యాక మసి తుడిచి ఒక చుక్క నూనె రాయండి.